పులిహోర కలిపేవాళ్లు, సరసమాడేవాళ్లు

నల్లగొండలో బట్టల షాపు బోర్డు మీద "సరసమైన ధరలకు లభించును" అని రాసి ఉంటే ఎవరూ సిగ్గుపడరు. పెళ్లి బట్టలకని వచ్చిన కుటుంబమంతా ఆ బోర్డు కిందే నిలబడి, లోపలికి పోవాలా పక్క షాపుకు పోవాలా అని వాదించుకుంటారు. అదే మాట ఫోన్లో ఏదో వీడియో మీద ఎర్రటి పెద్ద అక్షరాలతో "మరిదితో సరసాలు" అని కనిపిస్తే చటుక్కున ఫోన్ బోర్లా పెడతాం, పిల్లలెవరైనా చూశారేమోనని. మాట ఒకటే. ఒకచోట బేరం కుదిర్చేది, ఇంకోచోట పరువు తీసేది.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. పాఠంలో 'సరస' అన్న మాట వచ్చిందంటే చాలు, వెనక బెంచీల్లో దగ్గులు మొదలవుతాయి. సరసుడంటే రసం తెలిసినవాడనీ, మంచి మాట వింటే తల ఊపగలిగినవాడనీ చెప్పినా ఆ దగ్గులు ఆగవు. వాళ్లను అనడానికేం లేదు. ఆ మాటను వాళ్లు పుస్తకంలో కంటే ఫోన్లోనే ఎక్కువ చూశారు. తమ సంగతులు చెప్పుకోవాల్సి వస్తే వాళ్లకు వేరే మాట ఉంది: పులిహోర. ఒకబ్బాయి ఒకమ్మాయితో కాస్త తియ్యగా మాట్లాడాడంటే "మావోడు పులిహోర కలుపుతున్నడు" అంటారు. ఎక్కడ మొదలైందో గాని టీవీ షోల పుణ్యమా, మీమ్స్ పుణ్యమా అని దేవరకొండ బస్టాండు దాకా వచ్చేసింది.

పులిహోర మీద నాకు కోపమేం లేదు. చింతపండు గుజ్జు అన్నానికి పట్టేలా, మెతుకు విరగకుండా, మెల్లగా కలిపే చేతిని తల్చుకుంటే ఆ మాట ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. నా అభ్యంతరం ఒక్కటే. పులిహోర కలిపేది ఒక్కడే. అవతలి మనిషికి ఆకలి ఉందో లేదో, అసలు విస్తరి ముందు కూర్చుందో లేదో ఆ మాటకు పట్టదు.

మిగతా మాటలు చూడండి. లైన్ వేయడం. సైట్ కొట్టడం. బిస్కెట్ వేయడం. గాలం వేయడం. ఆఖరికి పడేయడం, పనయ్యాక "పడింది రా" అనుకోవడం. వేసేదీ కొట్టేదీ పడేసేదీ ఒకరు, పడేది ఇంకొకరు. అంతా వేటగాడి భాష. సరసానికి మాత్రం తెలుగులో క్రియ 'ఆడు'. సరసమాడారు, పరాచికాలాడారు. ఆట అన్నాక అవతల ఇంకొకరుండాలి, వాళ్ల వంతూ రావాలి. పెద్దలు ఏదో దూరదృష్టితో ఇట్లా పెట్టారని నేననను, భాషలో అట్లాంటి కమిటీలేం కూర్చోవు. వాడగా వాడగా ఆ మాటకు ఆ క్రియ అతుక్కుంది, అంతే. కాని అతుక్కున్నది ఊడిపోతున్నప్పుడు దాంతో పాటు ఏం పోతున్నదో చూసుకోవాలి కదా.

ఒకరికే ఆటైతే దానికీ సామెత సిద్ధంగా ఉంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. చెలగాటమూ ఆటే. పిల్లినడిగితే సరదాగా ఆడుకున్నామనే చెబుతుంది.

మా అమ్మమ్మ వాళ్లది దేవరకొండ దిక్కు ఊరు. సెలవుల్లో పోతే పొద్దుగూకే యాళ్లకు పొయ్యి చుట్టూ చేరేవాళ్లం. అమ్మమ్మ జొన్నరొట్టె కొట్టేది, తాత పీట వేసుకుని పొయ్యికి దగ్గరగా కూర్చునేవాడు. ఒకరోజు రొట్టె అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రొట్టె మాడినట్టున్నదే?"

"మాడలే. నీ మొఖం జూసి నల్లవడ్డది."

తాత రొట్టె తుంచి పచ్చడి అద్దుకున్నాడు. తొందరేం లేదు ఆయనకు.

"గందుకేనా, నాతోని యాభై ఏండ్లు కాపురం జేసి నువ్వు గిట్లయినవ్."

అమ్మమ్మ చేతిలో పిండి ముద్ద ఉంది. దాన్ని పెనం మీదికి వేస్తుందో తాత మీదికి వేస్తుందో మాకు అర్థం కాలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకో రొట్టె గావాల్నా, వద్దా?" అంది. కావాలన్నాడు. "అయితే నోరు మూసుకోని తిను." ఆ తర్వాత వేసిన రొట్టె మీద నెయ్యి రాసిచ్చింది. మాకు రాయలేదు.

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. నవ్వింది మేమే. అదీ సరసమేనని అప్పుడు నాకు తెలియదు. ఇంట్లో ఆ మాట ఎవరూ వాడేవాళ్లు కారు. "ముసలోళ్ల పరాచికాలు సూడు" అనేది మా అమ్మ.

నిజానికి మా దిక్కు నోటిమాటగా సరసం తక్కువే. పరాచికం, మస్కిరి, మజాక్, నకరాలు, వీటితోనే పని జరిగిపోతుంది. అన్నీ ఒకటి కావు. మజాక్ ఎవరు ఎవరితోనైనా చేయొచ్చు, కిరాణా షాపు ఆయనతో కూడా. మస్కిరిలో కొంచెం ముల్లు ఉంటుంది, అవతలివాళ్లను పదిమందిలో పలుచన చేసే గుణం దానికి ఉంది. పరాచికానికి వరస కావాలి. బావతో ఆడొచ్చు, మరిదితో ఆడొచ్చు, చిన్నాయనతో ఆడితే చెంప పగులుతుంది. ఇక నకరాలు. ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. అక్కడ ప్రియురాలి హొయలకూ బెట్టుకూ వాడేది, మన దగ్గర బోరు మోటరుకు కూడా దిగింది. "పొద్దుగాల సంది మోటరు నకరాలు జేస్తున్నది" అంటారు. మనసులో ఇష్టం పెట్టుకుని పైకి వద్దనడం, రమ్మంటే రాకపోవడం, వస్తే మొహం తిప్పుకోవడం నకరాలు. మనుషుల్లో మాత్రం ఆ మాట చాలావరకు ఆడవాళ్లకే వాడతారు. నకరాల పిల్ల అంటారు గాని, ఇరవై ఏళ్లుగా వంటింట్లోకి రావడానికి బెట్టు చేస్తున్న మగవాణ్ని ఆ మాట అన్నవాళ్లను నేను చూడలేదు.

ఈ నకరాలకు శాస్త్రం కూడా ఉంది, అదీ మన జిల్లా నుంచే. నారాయణపూర్ మండలం గుట్టల్లో రాచకొండ కోట ఉంది కదా. జిల్లాలు విడగొట్టాక యాదాద్రి భువనగిరిలోకి పోయింది గాని మా తరానికి అది నల్లగొండే. 14వ శతాబ్దం చివర్లో అక్కడి నుంచి ఏలిన రేచర్ల పద్మనాయక రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో 'రసార్ణవసుధాకరం' రాశాడు. నాటకమూ రసమూ గురించిన లక్షణ గ్రంథం, మూడు విలాసాలు, అంటే మూడు అధ్యాయాలు. నాట్యశాస్త్రం నుంచి వస్తున్న పద్ధతిలోనే ఆయనా నాయికల చేష్టలకు పేర్లు చెబుతాడు. ప్రియుడు ఎదురుగా ఉన్నా, మనసులో ఇష్టం పొంగుతున్నా, గర్వంతో లెక్కచేయనట్టు ఉండడం బిబ్బోకం. నవ్వూ కోపమూ కన్నీళ్లూ భయమూ అన్నీ ఒకేసారి కలగలిసి రావడం కిలికించితం. జుట్టు పట్టుకున్నప్పుడో పెదవి తాకినప్పుడో లోపల సంతోషంగా ఉన్నా పైకి నొప్పీ కోపమూ నటించడం కుట్టమితం. ఇట్లా పది.

మొదటిసారి ఆ జాబితా చదివినప్పుడు నాకు పెద్ద పండితుల మాటలుగా అనిపించలేదు, మా వాడకట్టు కనిపించింది. బిబ్బోకం అంటే మా అమ్మమ్మ నకరాలే. గుట్ట మీద రాజు ఆరువందల ఏళ్ల కింద సంస్కృతంలో పేరు రాసుకున్నదాన్ని గుట్ట కింది ఊళ్లవాళ్లు ఉర్దూ మాటతో పిలుచుకుంటున్నారు. ఇంకో తమాషా ఉంది. 2016లో సైబరాబాద్‌ను విడదీసి కొత్త పోలీస్ కమిషనరేట్ పెట్టినప్పుడు దానికి రాచకొండ పేరే పెట్టారు. శృంగారానికి లక్షణాలు చెప్పిన రాజుగారి కోట పేరున్న బోర్డు కింద షీ టీమ్స్ వాళ్లు కూర్చుని, ఆడపిల్లల వెంటపడేవాళ్లకు కౌన్సెలింగ్ ఇచ్చారు.

నవ్వుకోవడానికి బాగుంది గాని, ఆ జాబితాలోనే నాకు గుచ్చుకునేది ఒకటుంది. ఆ పది చేష్టలూ ఆడవాళ్లవి. మగవాళ్ల గుణాల జాబితా వేరే ఉంటుంది: శోభ, విలాసం, మాధుర్యం, గాంభీర్యం, తేజస్సు, ఔదార్యం వగైరా. అంటే బెట్టు చేసే పని ఆమెది, గంభీరంగా నిలబడే పని అతనిది. ఇక కుట్టమితం. నాటకంలో అది ముచ్చటైన ఘట్టమే. ఆమె మనసులో సంతోషం ఉందని ప్రేక్షకులకు ముందే తెలుసు, కవి చెప్పాడు కాబట్టి. బయట బస్టాండులో నిలబడ్డ అమ్మాయి మనసు గురించి మనకు ఏ కవీ చెప్పి ఉండడు. ఆ కుట్టమితాన్నే సినిమాలు అందుకుని తరాల కొద్దీ పిల్లలకు పాఠం చెప్పాయి: వద్దంటే ఔననే, తిడితే ఇష్టమనే, చెంప మీద కొడితే ఇంక పెళ్లేనని. హీరో నాలుగు పాటలు వెంటపడితే ఐదో పాటలో హీరోయిన్ నవ్వుతుంది. రసశాస్త్రం చదివినవాడు కూడా అంత నమ్మకంగా ఉండడు.

వరస సంగతికి వస్తాను. పరాచికానికి వరస కావాలన్నాను. ఊళ్లలో అది ఒక ఏర్పాటు. ఎవరితో నవ్వొచ్చు, ఎవరి ముందు తల దించుకోవాలి అనేది పుట్టుకతోనే తేలిపోయి ఉంటుంది. మేనబావను మరదలు పెళ్లాడే అవకాశం ఉన్నచోట ఆ ఇద్దరి మాటల్లో కొంచెం కారం, కొంచెం తీపి ఉండడం సహజం. పెళ్లిళ్లలో చూడాలి ఆ సందడి. బిందెలో ఉంగరం వెతికేటప్పుడు పెళ్లికూతురికి సాయంగా నాలుగు చేతులు దూరతాయి. బావగారి చెప్పులు పోతాయి, వాటి ధర గంట గంటకూ పెరుగుతుంది. కొత్తకోడలు గడప దాటాలంటే ఆడిబిడ్డ అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమంటుంది. చుట్టూ ఇంతమంది ఉండగా హద్దు దాటడం అంత సులువు కాదు. అందులో ఒక రక్షణ ఉంది, ఒప్పుకుంటాను.

అయితే ఆ రక్షణకు చిల్లులు కూడా అక్కడే ఉన్నాయి. మిర్యాలగూడ దగ్గర ఒక పెళ్లిలో చూశాను. పదహారో పదిహేడో ఉంటుంది ఆ పిల్లకు, లంగా ఓణీలో బంతిలో నీళ్లు పోస్తూ తిరుగుతున్నది. వరసకు బావయ్యే ఆయన, ఇద్దరు పిల్లల తండ్రి, పోయినప్పుడల్లా ఓణీ కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఒకసారి లాగాడు, విడిపించుకుంది. రెండోసారి లాగాడు, జగ్గు అడ్డం పెట్టుకుంది. మూడోసారి పిన్నుతో సహా భుజం మీద జారింది. నీళ్ల జగ్గు టేబుల్ మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. బంతిలో ఉన్నవాళ్లు నవ్వారు. "బావ మజాక్ జేస్తె గింత కోపమా?" అని ఒకామె. "రేపు మొగుడొస్తె ఎట్ల జేస్తదో" అని ఇంకొకామె. చివర కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రం చెయ్యి కడుక్కుంటూ, "పిల్ల నవ్వుతలేదు. మీకు గన్పిస్తలేదా?" అంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన అరటిపండు ఒలుచుకున్నాడు.

ఆ ముసలమ్మ పెట్టిన పరీక్ష నాకు చాలా రోజులు సరిపోయింది: అవతలివాళ్లు నవ్వుతున్నారా లేదా. తర్వాత్తర్వాత అదీ చాలదనిపించింది. నవ్వు అంత నమ్మదగ్గ సాక్షి కాదు. ఆఫీసులో పెద్దసారు వేసిన మాటకు నవ్వకపోతే ఏమవుతుందో తెలిసినవాళ్లు నవ్వుతారు. బస్సులో కండక్టర్ మాటకు, ఇంటి ఓనర్ మాటకు, లెక్చరర్ మాటకు నవ్వుతారు. టెన్షన్‌లో కూడా నవ్వొస్తుంది. పైగా ఆడదాని నవ్వంటే మన భాషకే అనుమానం. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ని నమ్మొద్దని సామెత పెట్టుకున్నాం. నవ్వితే నమ్మరు, నవ్వకపోతే నకరాలంటారు.

అందుకే నవ్వును కాదు, జవాబును చూడాలంటాను నేను. మా అమ్మమ్మ దగ్గర నవ్వు లేదు, జవాబు ఉంది. ఆయన ఒకటంటే ఆమె రెండనగలదు. అన్నందుకు ఆమె రొట్టెకు గాని, నిద్రకు గాని, పరువుకు గాని వచ్చిన ముప్పేం లేదు. తిరిగి అనగలిగే చోటే సరసం. అనలేని చోట జరిగేదాన్ని ఎంత తియ్యటి మాటతో పిలిచినా అది వేరే.

దీనికి మా జిల్లా పొలాలే రుజువు. నాట్లప్పుడు కొత్త మనిషి ఎవరైనా ఒడ్డు మీద కనిపిస్తే నాటేసే ఆడవాళ్లు నారు పట్టుకుని అడ్డం తిరిగేవాళ్లు, ఇనాం ఇస్తేనే దారి. తెల్లబట్టలాయనైతే మరీ సంబరం. బురద చేతులు చూపించి "ముట్టుకుంటం మరి" అని బెదిరించేవాళ్లు. అల్లుళ్లయితే జేబు ఖాళీ చేసుకుని పోవాల్సిందే. గట్టు మీద మగవాళ్లు ఏదో అంటే మడిలోంచి పదిమంది గొంతులు కలిసి తిప్పికొట్టేవి. ఇది నేను చూసిన సంగతి, చిన్నప్పుడు. అంతకు ముందు తరం సంగతి మా నాయనమ్మ చెప్పేది. అదే మడి, అదే నారు, గట్టు మీద నిలబడ్డది దొర. దొర పరాచికమాడితే జవాబుండేది కాదు. అందరూ తలలు దించుకుని ఇంకా వంగి నాటేవాళ్లు. గడీల్లో దొరసానుల వెంట అరణంగా వచ్చిన దాసీల, ఆడబాపలనేవాళ్లు వాళ్లను, సంగతైతే చెప్పనక్కర్లేదు, వాళ్లకు నోరే లేదు. 1946 నుంచి 1951 దాకా ఈ నేల మీద నడిచిన సాయుధ పోరాటం భూమి కోసమూ వెట్టి పోవాలనీ అని చదువుకుంటాం. ఆ వెట్టిలో ఇది కూడా ఉంది.

మాట కులాన్ని కూడా చూస్తుంది మరి. ఈడు, వరస, కులం, ఆస్తి అన్నీ సమానంగా ఉన్నచోటే మనం పరాచికం చూసి ముచ్చటపడతాం. ఒక్కటి తేడా వచ్చినా పంచాయితీ. ఆ పంచాయితీల్లో ప్రాణాలు పోయిన ఊళ్లు కూడా మన చుట్టుపక్కలే ఉన్నాయి.

చట్టం ఈ విషయంలో ఆశ్చర్యంగా అమ్మమ్మకు దగ్గరగా వచ్చింది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు, ఆ తర్వాత 2013లో పని ప్రదేశాల కోసం వచ్చిన చట్టం, రెండూ కేవలం చేసినవాడి ఉద్దేశాన్ని పట్టుకుని వేలాడలేదు. అవతలి మనిషికి అది ఇష్టంలేని ప్రవర్తనా కాదా అని అడిగాయి. "నేను సరదాకే అన్నాను మేడమ్" అనేది జవాబుగా చెల్లదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని ఆ చట్టం చెబుతుంది. ఉందా అని మీ ఆఫీసులో ఒకసారి అడిగి చూడండి, సగం చోట్ల మీ మొహంలోకి చూస్తారు. వెంటపడడం సంగతి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో ఉంది, అంతకు ముందు ఐపీసీలో 354డి. ఆమె ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేసినా మళ్లీ మళ్లీ వెంట తిరగడం, మాట కలపాలని చూడడం నేరం.

ఇక్కడ మా కాలేజీలో కుర్రవాళ్లే కాదు, స్టాఫ్ రూములో నా ఈడువాళ్లు కూడా ఒక మాట అంటారు. ఇట్లా జవాబులూ సెక్షన్లూ చూసుకుంటూ కూర్చుంటే ఇంక సరసమెక్కడ మిగులుతుంది? ఎవరో ఒకరు మొదలు పెట్టాలి కదా, మొదటి మాట ఎప్పుడూ ఒంటరిదే కదా? న్యాయమైన ప్రశ్న. మొదటి మాటకు అనుమతి పత్రం ఉండదు. ధైర్యం చేసి ఒక మాట అనాల్సిందే, మొహం మాడ్చుకుని తిరిగి రావడానికి కూడా సిద్ధపడి. చట్టం కూడా 'మళ్లీ మళ్లీ' అనే అంటున్నది, 'ఒకసారి' అనలేదు. తేలేదంతా రెండో మాట దగ్గర. అవతలి నుంచి మాట తిరిగి వచ్చిందా, వస్తే అందులో ఉప్పూకారం ఉన్నాయా, లేక "సరే అన్నా" అని ముగించేశారా? అన్నా అనే పిలుపు మన దగ్గర చిన్న విషయం కాదు. దాంతో వరస మార్చేసి తలుపు వేసేస్తారు ఆడపిల్లలు. ఆ తలుపు చప్పుడు వినపడనట్టు నటించేవాణ్నే మా పిల్లలు మెచ్చుకుంటూ "వదలడు రా వాడు" అంటారు. వదిలిపెట్టడం తెలియనివాడికి ఆట రాదని నేనంటాను.

సరసం అంటే పెళ్లికి ముందు వ్యవహారం, పిల్లలు పుట్టాక అయిపోయేది అనుకోవడం ఇంకో పొరపాటు. మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట పోయే బస్సులో నా పక్కన ఒకామె, నలభై ఉంటాయి, ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నది. మొగుడు పుణెలో బిల్డింగ్ పనిలో ఉన్నాడని మాటల్లోనే తెలిసింది. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా ఎరిగిందే, ఆ పేరు వెనక ఇట్లాంటి ఫోన్లు ఎన్ని ఉంటాయో.

"పైసలొచ్చినయా?" అన్నాడాయన.

"వచ్చినయి. పైసలకు కాళ్లున్నయి గని నీకు లేవా?"

అవతల కాసేపు సిమెంట్ మిక్సర్ చప్పుడు. "కాళ్లున్నయి. చుట్టి లేదు."

"చుట్టి లేదా, మీ మేస్త్రికి చెప్పాల్నా నేను?"

"చెప్పు. నీ నోటికి భయపడి కాంట్రాక్టే ఇడ్సిపెడతడు."

ముందు సీట్లో ముసలాయన కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. ఆమె స్పీకర్ ఆపలేదు. మొగుడూ పెళ్లాలను ఆర్నెల్లు విడదీసే కరువును, వలసను ఈ రెండు మాటలు బాగు చేయవు, నాకూ తెలుసు. కాని ఆ డబ్బుతో పాటు వాళ్లు పంపుకుంటున్నది ఇదొక్కటే. దీన్ని ఫ్లర్టింగ్ అందామా? పులిహోర అందామా? నాకు నోరు రాదు.

స + రస. రసంతో కూడింది సరసం. అది ఇంకిపోతే నీరసం, చెడితే విరసం. మా జిల్లాలో విరసం అనగానే చాలామందికి 1970 జూలై 4న పుట్టిన విప్లవ రచయితల సంఘమే గుర్తొస్తుంది, అది వేరే కథ. 'సరసం విరసానికే' అని పెద్దలు హెచ్చరించేవాళ్లు. షాపు బోర్డు మీద 'సరసమైన ధర' అన్నప్పుడు నేను అర్థం చేసుకునేది కూడా ఇదే. కొన్నవాడూ మునగలేదు, అమ్మినవాడూ మునగలేదు, ఇద్దరూ ముఖాముఖి చూసుకోగలరు. నిఘంటువుల్లో ఇట్లా ఉండదు, ఇది నా సొంత పైత్యం. కాని ధర విషయంలో అంత మర్యాదగా ఉన్న మాట మనుషుల విషయానికి వచ్చేసరికి ఎందుకు చెడిపోయిందో ఆలోచిస్తే, నా చూపు పత్రికల మీదికి పోతుంది.

ఒక ఇంటి గొడవలో ఎవరో చనిపోతే 'ప్రియుడితో సరసాలు' అని హెడ్డింగ్. బడిలో పిల్లను తాకినవాడి మీద కేసైతే ఒకరోజు 'కీచక టీచర్', ఇంకోరోజు 'విద్యార్థినితో సరసాలు'. విరాటపర్వంలో ద్రౌపది సభలో ఏమని మొరపెట్టుకుందో ఆ రెండో హెడ్డింగ్ రాసినవాళ్లకు గుర్తున్నట్టు లేదు, కీచకుడి పనిని సరసమని ఆమె ఎక్కడా అనలేదు. ఇక బస్టాండుల్లో ఆడపిల్లలను ఏడిపించేవాళ్లు 'ఆకతాయిలు', అదేదో మామిడికాయలు దొంగతనం చేసినంత ముద్దుగా. పిల్లలు ఆ మాటల్లోనే ప్రపంచాన్ని నేర్చుకుంటున్నారు. నా క్లాసులో దగ్గులు అక్కడి నుంచే వస్తున్నాయి.

పత్రిక డెస్కులో పనిచేసే ఒక పాత శిష్యుణ్ని ఈ మాటే అడిగాను. హెడ్డింగులో చోటు ఉండదు మేడమ్, చిన్న మాట కావాలి అన్నాడు. కాగితం మీద రాసి చూపించాను. సరసాలు నాలుగక్షరాలు. వేధింపు మూడే.